ఖాళీ పల్లకి బరువు

టాటానగర్ సిద్ధగోరాలో తెలుగువాళ్ల సందు మొదటింట్లో సింహాచలమ్మ పొద్దున్నే బియ్యం ఏరడానికి కూర్చునే వేళకి ఎవరో ఒకరు ఏదో ఒక వస్తువు పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. పాత మిక్సీ, కొనబోయే సెకండ్‌హ్యాండ్ స్కూటర్ తాళం, కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన లావుపాటి పుస్తకం. ఆమె చేత్తో ఎత్తి చూసి "బరువుగానే ఉన్నాది, ఉంచుకో" అనో, "దూదిలాగున్నాది, మానెయ్యి" అనో చెప్పి మళ్లీ చేట అందుకునేది. ఏ వస్తువు ముందుముందు ఎంత అక్కరకొస్తుందో ఆమె చేతికి అంత బరువు తగిలేది. పుట్టుకతో వచ్చింది. కొందరికి వాన రాబోతే మోకాళ్లు లాగవూ, అలాగే అనుకునేవారు సందులో అందరూ. జుగ్సలాయి బజారులో స్టీలు సామాన్ల మార్వాడీ ఒకాయన మాత్రం ఆమె మెట్టెక్కుతుంటేనే, "అమ్మాజీ, చూడండి, ముట్టుకోకండి" అని చేతులు జోడించేవాడు. ఆ కొట్లో గిన్నెలు అంత బాగా మెరవడానికి కారణం ఉంది గానీ, ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఆమె పిల్లల్ని మాత్రం ఎత్తుకునేది కాదు. ఎవరైనా పసిబిడ్డను ఒళ్లో పెట్టబోతే చేతులు వెనక్కి దాచుకునేది. మనవడు మురళిని పురిటిలోనే తల్లి పోతే తానే పెంచింది. పీట మీద పడుకోబెట్టి స్నానం చేయించింది, నేల మీద కూర్చోబెట్టి ముద్దలు పెట్టింది. ఎత్తాల్సి వచ్చినప్పుడల్లా పక్కింటి బంగారమ్మను పిలిచింది. మురళికి ముప్పై దాటినా ఆ సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎప్పుడో ఒకసారి తనను ఎత్తి చూసే ఉంటుందనీ, దూదిలా తేలిపోయి ఉంటాననీ అతని అనుమానం. అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని మరో అనుమానం.

అనుమానమే అతని ఉద్యోగం కూడా. గమ్హరియాలో బోల్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద, బోల్టుల కొలత సరిచూసే గేజ్ పట్టుకుని కూర్చునేవాడు. బోల్టు చూడ్డానికి ఎంత నున్నగా ఉన్నా, గేజ్‌లో దూరేదాకా దొంగదే. రోజంతా అలా చూసీ చూసీ, ఇంటికొచ్చాక టీ గ్లాసును కూడా అదే చూపు చూసేవాడు.

ఆదివారాలు సాక్చీలో బంగారురాజు కొట్టుకి పోయేవాడు. కింద సెల్‌ఫోన్ రిపేరు, మేడ మీద కార్డులాట. ఆట పేరు రాజగడ. చిన్నపిల్లల ఆటనుకునేరు, అక్కడ బ్యాంకు గుమాస్తాలు, నర్సులు, రైల్వే వాళ్లు బల్లల ముందు కూర్చుని నోట మాట లేకుండా ఆడేవారు. ప్రతి కార్డు మూలనా దివిటీల బొమ్మలుంటాయి. ఆడేవాడికి వంతుకో దివిటీ వస్తుంది. కార్డు అడిగినన్ని దివిటీలు పోగయ్యాకే దాన్ని బల్ల మీద దించాలి. ఎదుటివాడి కోట ముందు కూల్చినవాడిదే గెలుపు. కొత్త కార్డు ఎవరి చేతికొచ్చినా ముందు మురళికి చూపించేవారు. అతను మూడే అడిగేవాడు. ఎన్ని దివిటీలు తింటుంది, దిగగానే ఏం చేస్తుంది, ఓడిపోతున్నప్పుడు ఆదుకుంటుందా. మూడింటికీ జవాబు లేకపోతే పెదవి విరిచేవాడు. మేడ మీద ఆ విరుపుకి విలువ ఉండేది.

ఆ నెలాఖరుతో ఫ్యాక్టరీలో అతని కాంట్రాక్టు అయిపోతోంది. మళ్లీ రాయరని ముందే తెలిసింది. బంగారురాజు కార్డుల వ్యాపారం పెంచి, మేడ మీద జీతానికి ఒక మనిషిని పెడతానన్నాడు. "ఫైనల్ గెలిచినోడికే కుర్చీ. మన తెలుగోడని నీకిచ్చేత్తే రేపు బెంగాలీలూ బిహారీలూ నా కొట్టు మెట్లెక్కుతారేట్రా?" అని ముఖం మీదే చెప్పాడు. ఫైనల్‌కి మిగిలింది మురళీ, ప్రవీణూ. ప్రవీణ్ టాటానగర్ రైల్వే కాలనీ మనిషి, తండ్రి ఉద్యోగంలో చేరినవాడు, మురళికి చిన్నప్పటి స్నేహితుడు. అతనికి ఆ కుర్చీ అక్కర్లేదు. అందుకే మురళికి అతని మీద మరింత అనుమానంగా ఉండేది. అక్కర్లేనివాడు ఎందుకాడుతున్నట్టు?

ఫైనల్‌కి ముందు ఆదివారం మురళి విప్పిన ప్యాకెట్‌లో ఖాళీ పల్లకి అనే కార్డు వచ్చింది. ఎర్ర కుచ్చుల అంచు, తలుపు సగం తెరిచిన పల్లకి, ముందు బొంగు కాస్త వంకర. మోసేవాళ్లు లేరు, లోపల మనిషి లేదు. కింద ఇలా రాసి ఉంది: దీన్ని ఎదుటివారికి ఇచ్చేయవచ్చు. ఇచ్చినవారు ఒక వంతు వదులుకోవాలి.

మేడంతా నవ్వింది.

"ఇచ్చేదీ మనమే, వంతు పోయేదీ మనకే. వాహ్," అంది తనుశ్రీ. ఆమె ఏదో ఆసుపత్రిలో నర్సు, అన్నని 'దా' అని పిలిచే బెంగాలీ, సెమీఫైనల్లో ప్రవీణ్ చేతిలో ఓడిన మనిషి. "చాయ్ గ్లాస్ కింద పెట్టుకో మురళీ దా, బల్లకి మరకపడదు."

మురళి పెదవి విరిచాడు. అప్పుడు ప్రవీణ్, టీలోకి చూస్తూ, "నాకిచ్చేయి. నా గండభేరుండం తీసుకో," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. గండభేరుండం ఆ మేడ మీద ఒక్కటే ఉంది. దిగిందంటే ఎదుటివాడి బల్ల ఊడ్చేస్తుంది.

"ఎందుకు?" అన్నాడు మురళి.

"ఊరికే. బొమ్మ బాగుంది."

"నీకెప్పట్నుంచి బొమ్మలు?"

"ఆల్బమ్‌లో పెడదామని యార్. ఫోటో అయినా తీసుకోనీ."

ఫోటో తీసుకున్నాడు. మర్నాడు ఫోన్ చేసి మళ్లీ అడిగాడు. ఈసారి మేనకోడలికి కావాలన్నాడు. ప్రవీణ్‌కి అక్కచెల్లెళ్లు లేరు. మురళికి ఇక నిద్ర ఎక్కడిది? కార్డు మీది ఆ రెండు వాక్యాలనీ గేజ్‌లో బోల్టు తిప్పినట్టు తిప్పి చూశాడు. ఎదుటివాడి చేతిలో కార్డులు నిండినప్పుడు ఇస్తే? చివరి వంతులో ఇస్తే? ఎక్కడో ఓ కిటుకుంది, అది తనకు కనబడటం లేదు. ప్రవీణ్‌కి కనబడింది.

చివరికి కార్డు తెచ్చి మామ్మ చేతిలో పెట్టాడు. సింహాచలమ్మ చెయ్యి దభీమని చేటలోకి పడింది. బియ్యం ఇల్లంతా చిమ్మాయి.

"ఏట్రా ఇది, రోలా?" అంది చెయ్యి విదిల్చుకుంటూ. "తీసీ, తీసీ."

"దేనికి పనికొత్తాది మామ్మా?"

"నాకేటి తెలుసురా? బరువున్నాదని సెప్తాను గానీ, ఎందుకున్నాదో నానెప్పుడైనా సెప్పానేటి?"

మురళికి అంతే చాలు. కార్డు పనికొస్తుంది. ప్రవీణ్‌కి అది ముందే తెలుసు. కార్డుని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. అయితే అతని అలవాటు ఊరుకోనివ్వలేదు. బుధవారం మళ్లీ ఎత్తించాడు. నీళ్ల బిందెంత ఉందంది. గురువారం చెంబెడంది. కార్డు అదే, చెయ్యి అదే, బరువు కరిగిపోతోంది.

"మామ్మా, ప్రవీణ్‌గాడు నీకేటైనా ఫోన్ చేశాడా?"

"ఆడెందుకు సేత్తాడు?"

"ఆళ్లమ్మా నువ్వూ ఒక్క ఊరోళ్లు గదా."

"ఒక్క ఊరోళ్లమైతే?" సింహాచలమ్మ కార్డుని అతని మీదికి విసిరింది. "ఒక్క ఊరోళ్లమని బరువు తగ్గించి తూచడానికి నానేటి బజార్లో కూరగాయలమ్ముతున్నానేట్రా? ఎల్లు. రేపటికి ఇదీ ఉండదు. తరవాత నన్నడక్కు."

శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి తిన్నగా రైల్వే కాలనీకి పోయాడు. స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్లేవాడు ముందు ఫోన్ చేస్తాడు. మురళి చెయ్యలేదు. గుట్టేదో ఉంటే కళ్లారా చూడాలనుకున్నాడు. క్వార్టరు తలుపు తీసే ఉంది. ముందు గదిలో రెండు పెట్టెలు సర్ది, పైన రగ్గు కట్టి ఉన్నాయి. మంచం మీద ప్రవీణ్ తల్లి జోగమ్మ గోడకేసి తిరిగి పడుకుంది. ఎప్పుడూ బొద్దుగా ఉండే మనిషి, దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది.

ప్రవీణ్ భార్య రీనా మంచినీళ్లిచ్చింది. ఆమెకి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలోనే. "మాజీ కా వాల్వ్ ఖరాబ్ హై. కల్ వెల్లూర్ కా టికెట్ హై," అని, మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "జాయేంగీ నహీఁ బోల్‌తీ హైఁ."

గుండె వాల్వు పాడైంది, రేపే వెల్లూరు ఆసుపత్రికి బండి, ఆవిడేమో వెళ్లనంటోంది. జోగమ్మ భర్త ఆ వెల్లూరుకే రైలెక్కి వెళ్లి, శవపెట్టెలో తిరిగొచ్చాడు. అప్పట్నుంచి ఆమె స్టేషను పక్కనే ఉంటూ రైలు ముఖం చూడలేదు. డాక్టరు ఆపరేషన్ తారీకు ఇచ్చాక ఇంట్లో అందరూ బతిమాలారు. కొడుకు ఏడ్చాడు. ఆమె గోడకేసి తిరిగింది. పోయిన శనివారం ప్రవీణ్ ఫోన్‌లో కొత్తగా రాబోయే కార్డుల ఫోటోలు జరుపుతుంటే ఈ పల్లకి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపి, అందులోనైతే వెళ్తానందట.

"మేడ మీద ఈ మాట చెప్పొచ్చు కదా?" అన్నాడు మురళి.

"శర్మ్ ఆతీ హై ఉన్‌కో," అంది రీనా. సిగ్గు. ఆ నవ్వుల మధ్య, మా అమ్మ కార్డులో పల్లకి ఎక్కుతానంటోందని ఎలా చెబుతాడు?

మురళి వెంటనే నమ్మాడనుకోకండి. పెట్టె మీద టికెట్టు కాగితం కనబడితే తారీకు చూశాడు. కిటికీలో మందుల డబ్బాలు చూశాడు, మూత తీసి వాడినవేనా అని కూడా చూశాడు. ప్రతిదీ గేజ్‌లో దూరింది. చిట్టచివరికి మంచం దగ్గరికెళ్లి జేబు గుండీ విప్పాడు.

"అత్తా, ఇదేనా?"

జోగమ్మ ఇటు తిరిగింది. కార్డుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"వంకర బొంగు," అంది. "మందసలో మాయమ్మ ఇంటి కాడ్నుంచి నన్ను దీన్లోనే తెచ్చినారు. తోవంతా కుడేపుకి ఒరిగే ఉన్నాది. నానొకటే నవ్వు. పెళ్లికూతురు నవ్వకూడదని మా మేనత్త తిట్టీది." సగం తెరిచిన తలుపు మీద వేలు పెట్టింది. "లోపలెవులూ లేరు గదరా?"

"లేరత్తా."

"అలగైతే నా కోసమే అట్టేపెట్టినారు." కార్డుని జాకెట్లో దోపుకుని, మోచెయ్యి ఆనించి లేచి కూర్చుంది. "ఒలే రీనా, నా చీరలు సర్దినావా లేదా? బండి ఏ ఏల?"

ప్రవీణ్ డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె కాళ్లు కింద పెట్టి దువ్వెన అడుగుతోంది. అతను తల్లిని చూశాడు, మురళిని చూశాడు. లోపలికెళ్లి గండభేరుండం తెచ్చి, ఖాళీగా తెరిచి ఉన్న ఆ జేబులో పెట్టి గుండీ పెట్టాడు. వద్దనాలని మురళికి అనిపించింది. కానీ ఆదివారం ఫైనలుంది, పైనెల నుంచి జీతం లేదు. అనలేదు.

ఇంటికెళ్లి మామ్మకిచ్చాడు. ఆమె రెండు వేళ్లతో పట్టుకుంది. "ఈక," అంది.

"ఇది మేడ మీద అన్నిటికన్నా పెద్ద కార్డు మామ్మా."

"పెద్ద ఈక."

కావాలనే అంటోంది అనుకున్నాడు మురళి. పల్లకి పోగొట్టుకున్నందుకు దెప్పుతోంది.

ఆదివారం ప్రవీణ్ రైల్లో ఉన్నాడు గనక అతని చోట తనుశ్రీ కూర్చుంది. మురళికి గండభేరుండం రెండో వంతులోనే చేతికొచ్చింది. అది తొమ్మిది దివిటీలు అడుగుతుంది. తనుశ్రీవి అన్నీ ఒకటీ రెండూ దివిటీల కార్డులు. కుందేళ్లు, గుర్రపు రౌతులు, ఒక చాకలి. గబగబా దింపింది. మురళి దివిటీలు పోగేసుకుంటూనే ఉన్నాడు. ఆరు దివిటీల దగ్గర అతని కోట కూలిపోయింది. ఆ పెద్ద పక్షి చేతిలోనే ఉండిపోయింది. ఎన్ని దివిటీలు తింటుంది అన్నది అందరి కార్డులకీ తాను అడిగే మొదటి ప్రశ్న. ఈ ఒక్క కార్డుకే అడగడం మరిచిపోయాడు.

"ఏటి చెప్పను," అన్నాడు బంగారురాజు, కుర్చీ తనుశ్రీ వైపు జరుపుతూ.

ఆ తర్వాత వారంలో ప్రవీణ్ ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయిపోయింది. ఇంకో వారం తాత్సారం చేసి ఉంటే రైలు ఛార్జీ మిగిలేదని డాక్టరు ముఖం మీదే అన్నాడట. ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు కూడా కార్డు ఇవ్వలేదట. చివరికి నర్సు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలగడ కిందకి తోసిందట. "నువ్వు గెలిచావా?" అని అడిగాడు. "గెలవలేదు," అన్నాడు మురళి. "ఆమెకి వంకాయ కూర కావాలంట," అన్నాడు ప్రవీణ్.

ఫ్యాక్టరీలో గేజ్ అప్పగించి వచ్చిన సాయంత్రం సింహాచలమ్మ పీట మీద కూర్చుని తోటకూర వలుస్తోంది. మురళి ఎదురుగా గచ్చు మీద చతికిలబడ్డాడు. అన్ని రోజుల అనుమానం ఆ పూట నోట్లోంచి వచ్చేసింది.

"మామ్మా. నన్నెత్తి చూసినప్పుడు ఎంతున్నాను?"

ఆమె కాడలు తుంచడం ఆపలేదు. "నిన్నెప్పుడెత్తాను?"

"చిన్నప్పుడు. ఒక్కసారైనా ఎత్తుంటావు."

"లేదురా." ఇంకో కాడ తుంచింది. "మీ నాన్న తరవాత నాకో ఆడపిల్ల. ఎత్తుకుంటే చేతిలో ఏటీ లేనట్టుండీది. ఆ వానలు దాటలేదు. మరింక ఎవుల్నీ ఎత్తలేదు. నీ వరకైతే... తెలుసుకోడం నాకు ఇష్టం లేకపోనాది."

కూర అయిపోయింది. పీట మీంచి లేవాలంటే ఆమె ఎప్పుడూ గోడ పట్టుకునేది. ఆ రోజు చెయ్యి చాపింది.

"ఏదీ, సెయ్యి ఇలగియ్యి."

మురళి తన చేతిని, బోల్టుల నూనె ఇంకా పోని చేతిని, ఆమె అరచేతిలో పెట్టాడు. బరువుకి ఆమె చెయ్యి కిందికి దిగిపోయింది. తోటకూర కాడల్ని నలుపుతూ, గచ్చుకి తగిలి ఆగింది.

"తియ్యిరా. నా సెయ్యి ఇరిగిపోతాది."

అతను చటుక్కున తీశాడు. తన మనసు బాధపడకుండా కావాలనే దించిందేమో అని కూడా అనుకున్నాడు, అలవాటు కొద్దీ. ఆమె చెయ్యి పట్టుకుని తిరగేసి చూశాడు. వేలి కణుపుల మీద గచ్చు గరుకంతా ఎర్రగా అచ్చుపడి ఉంది.

"ఏటి సూత్తన్నావు?"

"ఏం లేదు మామ్మా."

సింహాచలమ్మ గోడ పట్టుకునే లేచి, ఎసరు పెట్టడానికి లోపలికెళ్లింది.