ఓడ టైము

ఓడ రేవు వదిలే ముందు ఒక ఆట ఉంటుంది. ఆ రోజు కార్యక్రమాల కాగితంలో దాన్ని ఎవరూ అచ్చు వేయరు. అయినా జనం చేరతారు. రేవు వైపు బాల్కనీల్లో, పైడెక్కు కమ్మీ పొడవునా గ్లాసులు పట్టుకుని నిలబడి, ఆలస్యమై పరిగెత్తుకొచ్చే వాళ్ల కోసం చూస్తారు. ఎవరైనా కనబడ్డారంటే ఈలలు, చప్పట్లు.

మొన్న నాసావు రేవులో మార్లిస్ హాల్వర్సన్ కూడా చప్పట్లు కొట్టింది. ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఒకామె టోపీ ఎగిరి నీళ్లలో పడింది. ఆమె ఆగి టోపీ వంక చూసింది, ఓడ వంక చూసింది, మళ్లీ టోపీ వంక చూసింది. మార్లిస్ పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కనే ఉన్న ఆర్విడ్ నవ్వలేదు.

"నేనైతే వీళ్లని వదిలేసి పోయేవాణ్ణి," అన్నాడు. ఉద్యోగమంతా సొంతూరు డులూత్‌లో సిటీబస్సు నడిపిన మనిషి.

ఇప్పుడు ఓడ జమైకాలో, ఫాల్మత్ రేవులో ఉంది. అందరూ ఎక్కేయాల్సిన వేళ నాలుగున్నర. అది దాటింది. ఐదింటికి బయల్దేరుతుంది. ఆర్విడ్ రాలేదు.

మార్లిస్ బాల్కనీలో కూర్చుంది, లేచింది, లోపలికెళ్లి స్నానాల గది తలుపు తీసి చూసింది. ఖాళీగా ఉందని తెలిసే చూసింది. మళ్లీ బాల్కనీలోకి వచ్చింది. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

అడ్డుతడిక అవతల నుంచి బాయిడ్ తల బయటికి పెట్టాడు. లూసియానా మనిషి, పక్క క్యాబిను. మొదటి రోజు నుంచి పలకరిస్తూనే ఉన్నాడు, కాని ఆర్విడ్ పేరు ఎప్పుడూ అడగలేదు.

"ఏంటి మార్లిస్ గారూ, ఇవాళ బేరం మందంగా ఉంది? ఒక్కడూ పరిగెత్తట్లేదు. మన వాళ్లకి బుద్ధొచ్చినట్టుంది!"

అంతలో మైకులో పేరు పిలిచారు. ఆర్విడ్ హాల్వర్సన్ ఓడలో ఉంటే వెంటనే ఆఫీసుకి ఫోన్ చేయమన్నారు.

"అదిగో, దొరికాడొకడు!" అన్నాడు బాయిడ్. "పేరు వింటేనే తెలుస్తోంది, పెద్దాయన. రమ్ము రుచి చూసుంటాడు, అక్కడే నడుం వాల్చుంటాడు."

"మా ఆయన," అంది మార్లిస్.

బాయిడ్ గ్లాసు కింద పెట్టాడు. "అయ్యో. నేనేదో నోరు జారి..."

"ఫర్లేదు."

అంటూనే బల్ల మీద తువ్వాలు మడతపెట్టింది. విప్పింది.

ఏప్రిల్లో ఆర్విడ్ రొట్టె తెస్తానని కారు తీసుకుని వెళ్లి, సాయంత్రం టూ హార్బర్స్ నుంచి ఫోన్ చేశాడు. రొట్టెల కొట్టు వీధి చివర ఉంటుంది. టూ హార్బర్స్ వేరే ఊరు. దారిలో మంచు పడి రోడ్డు మూశారనీ, చుట్టు తిరిగి వచ్చాననీ చెప్పాడు. ఆ రోజు మంచు పడలేదు. తర్వాత అలాంటిది ఇంకేం జరగలేదు, లేదా మార్లిస్ కంటబడలేదు. కూతురు బ్రిట్ మాత్రం వదల్లేదు. "అమ్మా, ఓడలో రోజంతా నీ కళ్లెదుటే ఉంటాడు. బాగా చూడు. దిగేలోపు నాకొక మాట చెప్పు. కారు తాళాలు తీసేసుకోవాలా, వద్దా. నన్నడిగితే తీసేసుకోవాలి."

అందుకే మార్లిస్ చూస్తూ వచ్చింది. భోజనాల వరసలో వెనకాలే నిలబడింది. ఈతకొలను దగ్గరికి వెళ్తే వెళ్లింది. క్షౌరం చేయించుకుంటే ఎదుటి బెంచీ మీద కూర్చుంది. మూడో రోజు ఆర్విడ్ వెనక్కి తిరిగి, "నువ్వు నా పెళ్లానివా, టికెట్లు చూసే ఇన్‌స్పెక్టరువా?" అన్నాడు.

ఈ ఉదయం ఒక్కణ్ణే దిగుతానన్నాడు. మార్లిస్ వద్దంది. ఆయన జోళ్లు తొడుక్కున్నాడు. ఇక ఆపలేనని తెలిశాక ఆమె తనకు చేతనైన ఏర్పాట్లు చేసింది. డబ్బు లోపలి జేబులో పెట్టించింది. బస్సు కంపెనీ రిటైర్మెంటు నాడు ఇచ్చిన చేతిగడియారాన్ని, ఎవరైనా లాక్కుంటారని విప్పించింది. "టైముకి ఫోన్ చూసుకో," అంది. ఎప్పుడైనా తనతో మాట్లాడేందుకు ఆ ఫోన్‌లో బయటిదేశం సిగ్నలు కూడా ఆన్ చేసి ఇచ్చింది. మధ్యాహ్నం లోపు అదే పనిగా ఫోన్ చేసింది. చివరిసారి ఎత్తి, "మార్లిస్, నేను బానే ఉన్నా. ఇంక దీని నోరు మూస్తున్నా," అన్నాడు. మూసినట్టే ఉంది.

తలుపు తట్టారు. భద్రతాధికారి తామాంగ్. నేపాల్ వాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మేడమ్, సార్ పాస్‌పోర్ట్ ఇవ్వాలి. ఓడ కదిలేలోపు రాకపోతే, దాన్ని రేవులో మా ఏజెంటు చేతికిచ్చి వెళ్తాం. సార్ విమానంలో రావడానికి అది కావాలి కదా."

"నేనో?"

"మీ ఇష్టం మేడమ్. దిగి ఆయన కోసం ఆగొచ్చు. లేదా ఉండొచ్చు. మెట్ల వంతెన తీసేవరకే."

"ఓడ ఆగదా? పెద్ద వయసు. మందులు వేసుకునే మనిషి."

"కెప్టెన్ ఎవరి కోసమూ ఆగడు మేడమ్. వాళ్లావిడ కోసం కూడా."

మార్లిస్ అల్మరాలోని సేఫ్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అంకెలు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి తెరుచుకుంది. పాస్‌పోర్ట్‌ల మీద ఆర్విడ్ చేతిగడియారం ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టబోతూ టైము చూసింది. ఓడ టైము. మయామీలో ఎక్కినప్పుడు ఎంతుందో అదే లెక్క.

గడియారం పట్టుకుని తలుపు వైపు తిరిగింది.

"తామాంగ్ గారూ. ఈ ఊళ్లో టైమెంత?"

"ఊళ్లోనా? మనకంటే గంట వెనక. రోజూ పొద్దున్నే మైకులో చెప్తాం కదా మేడమ్, ఓడ టైము చూసుకోండి, ఊరి టైము కాదని."

"సిగ్నలున్న ఫోన్‌లో ఏ టైము చూపిస్తుంది?"

తామాంగ్‌కి అర్థమైంది. తల ఊపాడు. "ఊరిదే. దానంతట అదే మారిపోతుంది. వేసవిలో మయామీ టైము గంట ముందుకి జరుపుతారు, ఇక్కడ జరపరు. ప్రతి ట్రిప్పులో ఎవరో ఒకరు ఇలాగే ఇరుక్కుంటారు. కిందటిసారి ఒక జడ్జిగారు."

"అయితే తప్పిపోలేదు," అంది మార్లిస్.

"తప్పిపోలేదు. కాని మేడమ్, ఆయన ఫోన్‌లో నాలుగున్నర అయ్యేసరికి మనం సముద్రంలో ఉంటాం."

అది నిజమే. మార్లిస్ గడియారం పట్టుకుని నేల మీదే కూర్చుంది. ఆర్విడ్ సంగతి ఆమెకి తెలుసు. డిపోకి అరగంట ముందు వెళ్లేవాడు. పెళ్లినాడు చర్చికి అరగంట ముందు వచ్చి, తాళం తీయలేదని మెట్ల మీద కూర్చున్నాడు. చావుకైనా అరగంట ముందే వెళ్తాడని డిపోలో ఏడిపించేవాళ్లు. నాలుగున్నరకి రమ్మంటే నాలుగింటికి వస్తాడు. ఊళ్లో నాలుగంటే ఇక్కడ ఐదు.

ఆ మనిషే అయితే వస్తాడు. ఏప్రిల్లో టూ హార్బర్స్ వెళ్లిన మనిషైతే రాడు.

"ఉంటారా, దిగుతారా మేడమ్?"

"ఐదింటికి వస్తాడు," అంది.

"ఐదింటికి వెళ్లిపోతాం."

"అయితే చూద్దాం."

తామాంగ్ పాస్‌పోర్ట్ తీసుకుని, ఆమెతోపాటే బాల్కనీలోకి వచ్చాడు. వాకీటాకీలో కింద వంతెన దగ్గరి వాళ్లతో రెండు మాటలు మాట్లాడాడు.

కింద ఒక పడుచు జంట పరిగెత్తుకొస్తోంది. అబ్బాయి చంకలో చెక్కబొమ్మ ఉంది, జిరాఫీ. బాల్కనీలన్నీ లేచాయి.

"పరిగెత్తరా నాయనా! బొమ్మనొదిలెయ్! పిల్లని పట్టుకో!"

"కాదురా, పిల్లనొదిలెయ్! బొమ్మ నీ మాట వింటుంది!"

జంట ఎక్కేసింది. పైడెక్కు మీద చప్పట్లు మోగాయి. తర్వాత రేవు ఖాళీ అయింది. తాళ్లు విప్పే మనుషులు ఇనుప గుంజల దగ్గరికి నడిచారు. వంతెన దగ్గర వేసిన గుడారం గుడ్డని ఇద్దరు మడతపెడుతున్నారు. మార్లిస్ గడియారాన్ని చూసింది, గేటు చూసింది. రేవు గేటు అవతల ఊరు, చర్చి గోపురం, బజారు రేకులు. అక్కడ ఎంతోమంది తిరుగుతున్నారు. ఒక్కరూ ఇటు రావట్లేదు. కాలు మార్చి నిలబడింది. దిగి ఉండాల్సిందేమో. ఇప్పుడు లిఫ్టు దొరుకుతుందా? మెట్ల మీద పోతే? గదిలోకి రెండడుగులు వేసి, మందుల సంచి తీసుకుని, మళ్లీ కమ్మీ దగ్గరికి వచ్చింది.

"ఎవరో వస్తున్నారు," అన్నాడు బాయిడ్.

గేటులోంచి ఒక మనిషి వచ్చాడు. తెల్ల టోపీ, చేతిలో కాగితపు సంచి. నడుస్తున్నాడు. పరుగు లేదు, తొందర లేదు. డిపోలో బస్సు దగ్గరికి ఎలా నడిచేవాడో అలా నడుస్తున్నాడు.

ఓడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి అరిచింది.

"తాతా! గేరు మార్చు తాతా!"

"ఓ పెద్దాయనా! కుర్చీ వెయ్యమంటావా?"

"నడక చూడండ్రా! ఓడని కొనడానికి వస్తున్నాడు!"

ఆర్విడ్ తలెత్తి చూశాడు. వేలమంది చేతులు ఊపుతున్నారు. ఆయన కుడి చెయ్యి కాస్త ఎత్తి దించాడు. ఎదురొచ్చే బస్సు డ్రైవరుకి అలా ఎత్తేవాడు. జనం ఇంకా గట్టిగా అరిచారు. ఆర్విడ్ ఆగాడు. సంచి నేల మీద పెట్టి, వంగి జోడు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఆర్విడ్!" మార్లిస్ అరుపు ఆ గోలలో ఆమెకే వినబడలేదు.

"ఒరేయ్, కాస్త నోళ్లు ముయ్యండి! ఆమెని పిలవనివ్వండి!" అని బాయిడ్ పైకీ కిందకీ కేకలు పెట్టాడు. ఎవరూ ముయ్యలేదు.

తామాంగ్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒకరున్నారు. కనబడుతున్నారు. వంతెన ఉంచండి... లేదు, పరిగెత్తట్లేదు... అవును, నాకూ కనబడుతోంది... జోడు కట్టుకుంటున్నారు."

ఆర్విడ్ రెండో జోడు కూడా సరిచూసుకున్నాడు. లేచాడు. నడిచాడు. వంతెన మీదికి ఎక్కి, కంటికి కనబడకుండా పోయాడు. ఆయన వెనకే వంతెన లాగేశారు.

తామాంగ్ పాస్‌పోర్ట్ తిరిగి మార్లిస్ చేతికిచ్చి, టోపీ పెట్టుకున్నాడు. "ఐదింటికే వచ్చారు మేడమ్," అని వెళ్లిపోయాడు.

ఆర్విడ్ గదిలోకి వచ్చేసరికి ఓడ కదిలింది.

"గంట ముందే బయల్దేరుతున్నారు," అన్నాడు. "ఇదేం పద్ధతి? నేను ముందే రాబట్టి సరిపోయింది. జనం మంచివాళ్లు సుమా. అందరూ లేచి నిలబడ్డారు." సంచిలోంచి కాగితంలో చుట్టిన మాంసం ప్యాటీలు రెండు తీసి ఆమె ముందు పెట్టాడు. "చల్లారిపోయాయి. తిను. నేను పొద్దంతా బస్టాండులో కూర్చున్నా. ఇక్కడ బస్సులు టైముకి కదలవు మార్లిస్. మనుషులు నిండితే కదులుతాయి. కండక్టరు అరిచి అరిచి నింపుతాడు. ఒక ముసలామె కోడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఇంకొకరు వచ్చేదాకా. ఎవరికీ కంగారు లేదు. నేను ఉద్యోగమంతా ఎదురుగా పరిగెత్తుకొచ్చే మనిషిని చూస్తూ తలుపు మూసి వెళ్లిపోయా."

ఊరుకుంటే అయిపోయేది. ముందుగా వచ్చాననే అనుకుని నిద్రపోయేవాడు. మార్లిస్ గుప్పిట విప్పి గడియారం చూపించింది.

ఆర్విడ్ దాన్ని చూసి, ఫోన్ తీసి చూశాడు. "ఇది గంట ముందుంది. పాడైందా?"

"పాడవలేదు. ఫోన్ ఊరి టైముకి మారింది. నేను సిగ్నలు ఆన్ చేశా కదా, అందుకు. గడియారం విప్పించిందీ నేనే. ఆలస్యంగా వచ్చావు ఆర్విడ్. అందరికన్నా చివర వచ్చావు."

ఆయన మంచం అంచు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఫోన్ అద్దాన్ని బొటనవేలితో తుడిచాడు.

"అయితే ఆ చప్పట్లు?"

"నవ్వారు."

"అందరూనా?"

"అందరూ."

"నువ్వు?"

"నేను మొన్న నవ్వా. నాసావులో."

ఆర్విడ్ ప్యాటీ తుంచి సగం ఆమెకిచ్చాడు, సగం తాను తిన్నాడు. "నాకు మతి పోయిందనుకున్నావు," అన్నాడు, నములుతూ.

"అనుకున్నా."

"బ్రిట్‌కి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పేది సరిగ్గా చెప్పు. గడియారం సంగతి కూడా చెప్పు."

ఆయన నిద్రపోయాక బ్రిట్ నుంచి మెసేజ్ వచ్చింది. నాన్న ఎలా ఉన్నాడు? ఇవాళ తప్పు నాది, అని రాసి పంపింది మార్లిస్. ఏమైందని వెంటనే అడిగింది బ్రిట్. మార్లిస్ టూ హార్బర్స్ గురించి ఆలోచించింది. లేని మంచు గురించి ఆలోచించింది. దానికి కారణం చెప్పడానికి ఏ గడియారమూ లేదు. రేపు మాట్లాడతా, అని రాసి ఫోన్ బోర్లించింది.

మర్నాడు తర్వాతి ఊరు జార్జ్‌టౌన్‌లో ఓడ ఒడ్డుకి దూరంగా ఆగింది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తున్నారు. ఆర్విడ్ జోళ్లు తొడుక్కుని చెయ్యి చాచాడు. మార్లిస్ గడియారం తెచ్చి ఆయన మణికట్టుకి కట్టింది. పట్టీ రంధ్రం ఒకటి బిగించింది.

"ఇదిగో," అని ఆయన ఫోన్ ఆమెకిచ్చాడు. "దీన్ని నమ్మలేం. నీ దగ్గరే ఉంచు." మార్లిస్ దాన్ని తన సంచిలో వేసుకుంది.

"రానా నేను కూడా?"

"నవ్వడానికి ఇక్కణ్ణించే బాగా కనబడుతుంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్లాడు.

పడవ ఒడ్డు చేరేదాకా మార్లిస్ చూసింది. తెల్ల టోపీ జనంలో కలిసింది. కాఫీ తెచ్చుకుంది, తాగలేదు. కొలను దగ్గర కుర్చీలో పుస్తకం తెరిచి అదే పేజీ మళ్లీ మళ్లీ చదివింది. పైడెక్కుకి ఎక్కింది, దిగింది. బాయిడ్ పలకరిస్తే తలూపింది. కమ్మీ దగ్గర నిలబడి, ఏమీ ఆలోచించకుండానే తన ఫోన్ తీసి ఆర్విడ్‌కి కలిపింది.

ఆమె సంచిలోనే గుర్రుమంది.