మచ్చకు చాలని పళ్ళ బొమ్మ

మధ్యాహ్నపు ఎండ… పీచ్ పళ్ళ మీద.

నిజం పళ్ళు కావు. బొమ్మలో పళ్ళు. అయినా వేలు పెడితే నూగు తగులుతుందేమోననిపించే పళ్ళు.

ఫ్రాన్సు దేశంలో ఎప్పుడో ఎవరో గీసిన బొమ్మలకు నకళ్ళవి. పళ్ళు, రాగి గిన్నె, సగం ఒలిచిన నిమ్మకాయ, కాళ్ళు కట్టి వేలాడదీసిన కుందేలు. ఫ్రేముల షాపులో పనిచేసిన రోజుల్లో ఆమె ఒక్కొక్కటే కూడబెట్టుకుంది. అత్తవారింటికి వెంట తెచ్చుకున్నవి ఇవే.

రెండో పెళ్ళి — అతనికి.

ఆమెకు మొదటిది.

"ఇక ఇది నీ ఇల్లు. నీకు నచ్చినట్టు సర్దుకో," అన్నాడు భర్త.

నీ ఇల్లు…

దూలాలకు ఆమె ఎవరో తెలియదు. గడపలు అరిగిపోయి ఉన్నాయి — ఎవరెవరి పాదాలకో.

"ఆ కుందేలుని వంటింట్లో పెట్టకు, పిల్లి అలుగుతుంది," అని అతను నవ్వాడు. ఈ ఇంట్లో తను నవ్వొచ్చో లేదో తెలియకుండానే ఆమె కూడా నవ్వింది.

పెద్దగదిలో గోడంతా మాసింది. మధ్యలో మాత్రం నలుచదరంగా తెల్లటి మచ్చ. అక్కడుండేది పోయిన మొదటి భార్య ఫొటో అని ఎవరూ చెప్పలేదు.

చెప్పక్కర్లేదు.

పళ్ళ బొమ్మను అక్కడే తగిలించింది. బొమ్మ చిన్నది. మచ్చ పెద్దది. చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోయింది.

అత్తగారు వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది.

"పోయినదానికి పళ్ళంటే ప్రాణం," అంది.

అంతే. వెళ్ళిపోయింది.

దెప్పిందా? దీవించిందా?

కంచం ముందు అదే ఆలోచన. బట్టలు ఆరేస్తూ అదే. మనసు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

మర్నాడు భర్తని అడిగింది — "ఆ ఫొటో ఎక్కడ పెట్టారు?"

"ఎందుకిప్పుడు? నువ్వు బాధపడతావనే కదా తీసేశాను."

"తీసేస్తేనే ఎక్కువ కనిపిస్తోందండీ."

అతను ఫొటోని బీరువా మీంచి దించి చేతికిచ్చాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కోపమా? దుఃఖమా? చెప్పుల చప్పుడుని బట్టి తెలియలేదు.

ఆమే దుమ్ము తుడిచింది. ఆమే తగిలించింది. ఫొటో మచ్చకు అతికినట్టు సరిపోయింది.

పళ్ళు చేతిలో మిగిలిపోయాయి.

అత్తగారు చేయి చాపింది.

"ఇలా తే అమ్మాయ్. నా మంచానికి ఎదురుగా కొట్టు. లేవగానే కనబడాలి."

ఎవరు కనబడాలి అత్తయ్యా — ఆవిడా, నేనా…

అడగలేదు. మేకు కొట్టింది.

"కొంచెం వంకర."

సరిచేసింది.

"ఇప్పుడు ఇటు వంకర."

మళ్ళీ సరిచేసింది. "ఇప్పుడు బావుందా అత్తయ్యా?" అంటూ వెనక్కి తిరిగింది.

ముసలి కళ్ళు బొమ్మ మీద లేవు.

ఆమె మీదే ఉన్నాయి…