డబ్బాల కింద ప్రోటీన్లు

చిక్కడపల్లి మొత్తం మీద ప్రోటీన్లను చదవగల మామగారిని నేనొక్కణ్ణే. మా ఊరి బడిలో అయిదో తరగతితో ఆపినవాణ్ణే అయినా, తొంభై అయిదులో మా కోడలు సంయుక్త తెచ్చే కాగితాలను గడగడా చదివేవాణ్ణి. అంచుల్లో చిల్లులున్న పొడుగు కాగితాలవి. విప్పితే నారాయణగూడ చౌరస్తాలో మొదలై అశోక్‌నగర్‌లో తేలేవి. వాటి నిండా ఇంగ్లీషు అక్షరాలే. నేను చదివింది ఆ అక్షరాల పేర్లు మాత్రమేననుకోండి. అర్థం ఒక్కటీ తెలియదు.

అడిక్‌మెట్ పక్క యూనివర్సిటీలో ఆమె పరిశోధన. మలేరియా క్రిమి ప్రోటీన్ ఒక అక్షరాల వరుస, మనిషి ప్రోటీన్ ఒక వరుస. కంప్యూటర్‌తో రెండూ పోల్చి తేడా ఎక్కడుందో పట్టుకోవాలి. రేపటి మందు అక్కడే తగలాలి. ఉన్నది ఒక్క కంప్యూటర్. ఆమె వంతు మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. “ఆరింటికి ఇంట్ల ఉండాలె. ఏబీసీడీలు దిద్దుకుంట కూసుంటే అన్నమెవరు వండాలె?” అనేవాడు నా కొడుకు జగదీశ్వర్. అందుకని ఆ వంతులు పోగొట్టుకుంటూ, ఎవరైనా టీకి లేచిన పది నిమిషాల్లో అచ్చువేసుకొచ్చి, బియ్యం ఏరుతూ పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేది. ఈ వారమూ రాకపోతే ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారట.

ఆ ఆదివారం మా ఆవిడ వేదవతి వంటింటి అల్మారాలు దులిపి ఆ కాగితాలే పరిచింది. “మస్తు మందంగున్నయి” అని చూపిస్తే నేనూ మెచ్చుకున్నాను. సంయుక్త కారం డబ్బా తీయబోయి ఆగిపోయింది. ఒక్కో డబ్బా దించి, నూనె మరకలు కొంగుతో అద్దుతూ కాగితాలన్నీ నేల మీద వరసగా పేర్చింది. రెండు వరుసలూ కలవని ఒకచోట ఆమె వేలు నిలిచిపోయింది. ఆరేళ్లుగా మా ఇంట్లో తిరుగుతున్న ఆ ముఖాన్ని నేనప్పుడే చూశాను. అది నగ అడిగే ముఖం కాదు, పుట్టింటికి పోతాననే ముఖమూ కాదు. ఒక కుర్చీ, ఒక కంప్యూటర్ తెర, ఎవరూ పేరుపెట్టి పిలవని రెండు గంటలు. అంత చిన్నదాని కోసం అంత ఆకలి!

“అత్తమ్మా, ఇవి నావి.”

“పడేసేటివనుకున్న బిడ్డా. రాతలన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి గద.”

“యాడ ఒక్కతీర్గ లేవో, గదే నేను దేవులాడుతున్న.”

మంగళవారం పొద్దున గడపలో నిలబడి మొగుడితో అంది: “మంగళారం, బేస్తారం ఎనిమిదిన్నరకొస్త. కూర చేసి పోతున్న, అన్నం మీరు పెట్టుకోండ్రి.”

“నేనా? అన్నమా?”

“మీరెందుకు, కుక్కర్ వండుతది. విజిళ్లు లెక్కపెట్టుడే మీ పని.”

వాడు దిక్కుతోచక నావైపు చూశాడు. “పో బిడ్డా, విజిళ్లు నేను లెక్కపెడ్త” అన్నాను.

ఇందులో నేను కల్పించింది ఆ ఒక్క మాటే. నిజంగా నేనన్నది, “మరి ఆరింటికి నా చాయ్?” అని. ఆమె నావైపు చూడకుండా చెప్పులు తొడుక్కుంది. ఆ తర్వాత ఏ మంగళవారమూ ఆరింటికి ఇల్లు చేరలేదు.