సుబ్రహ్మణ్యం నేర్చుకున్న రోజు

సారా చేసిన తప్పు ఒక్కటే. నేర్చుకోమన్నారు కదా అని నిజంగానే నేర్చుకుంది.

ఫిల్మ్‌నగర్‌లో పాత సినిమా పాటల పుస్తకాలు, స్క్రిప్టులు దాచే ఆ ట్రస్టు లైబ్రరీలో ఉద్యోగులు ఇద్దరే: సారా, రిటైర్మెంటు దగ్గరపడ్డ సుబ్రహ్మణ్యం గారు. ఉన్నట్టుండి లైబ్రరీకి వెబ్‌సైట్ కావాలన్నాడు సెక్రటరీ వరప్రసాద్. ఎవరైనా నేర్పితే బాగుంటుంది సార్ అంటే, "పుస్తకాల మధ్య కూర్చునేవాళ్లకి పంతులెందుకమ్మా? వీడియోలు చూసి మీరే నేర్చుకోండి" అని చేతులు దులుపుకున్నాడు. సుబ్రహ్మణ్యం గారు తల గోక్కున్నారు. సారా మాత్రం లంచ్ బాక్సు ముందు పెట్టుకుని వీడియోలు చూసి, పేజీలు కట్టడం, బొమ్మలు ఎక్కించడం, సెర్చ్ పనిచేయించడం అన్నీ పట్టేసింది.

సరిగ్గా అప్పుడే గుంటూరులో ఓ కాలేజీ లైబ్రరీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. భర్త చరణ్ తేజ, పాప ఉండేది అక్కడే. మోతీనగర్ గదిలో సారా ఒక్కతే. "ఎప్పుడొస్తావమ్మా?" అని పాప ఫోన్లో అడగడం కూడా మానేసింది. నెలాఖరులోగా రిలీవింగ్ ఆర్డర్ తెస్తేనే చేర్చుకుంటామని కాలేజీవాళ్లు తెగేసి చెప్పారు.

"నువ్వెళ్తే సైటెవరు చూస్తారమ్మా? సుబ్రహ్మణ్యం నేర్చుకున్న రోజు సంతకం పెడతా" అన్నాడు వరప్రసాద్.

ఇక చూడండి అవస్థ. ఒకసారి నొక్కమంటే సుబ్రహ్మణ్యం గారు నాలుగుసార్లు నొక్కేవారు. పాటల పుస్తకాలను అక్షరక్రమంలో పెట్టమంటే పెద్ద హీరోల సినిమాలన్నీ పైకి తెచ్చారు.

"ఇదేంటి బాబాయ్ గారూ?"

"టైటిల్స్‌లో ముందెవరి పేరు పడాలో ఫిల్మ్‌నగర్‌లో పసిపిల్లాడిక్కూడా తెలుసమ్మా. అభిమానులు ఊరుకుంటారా?"

సారాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడిపోయారు.

"ఊరుకో తల్లీ. నిన్ను పంపించే పూచీ నాది" అన్నారు. ఆ సాయంత్రం నుంచే కృష్ణానగర్‌లో ఇంటికెళ్లి, కోడలి ఫోన్లో అవే వీడియోలు వేసుకుని కూర్చున్నారు.

వరప్రసాద్ ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజరు. ముహూర్తం లేనిదే చీపురు కూడా మార్చడు. వెబ్‌సైట్‌కూ మంచిరోజు చూసి, కంప్యూటర్‌కు బొట్టుపెట్టి, దండేసి, కొబ్బరికాయ కొట్టించాడు. తనే క్లాప్ కొట్టాడు. సుబ్రహ్మణ్యం గారు పాటల పుస్తకం బొమ్మ ఎక్కించి, వివరాలు టైపు చేసి, సెర్చ్‌లో వెతికి చూపించారు. ఒక్క తప్పు లేదు. అక్షరక్రమం కూడా సరిగ్గా ఉంది. సారా ఒళ్లు మరిచి చప్పట్లు కొట్టింది. బ్యాగులోంచి రిలీవింగ్ కాగితం తీసి వరప్రసాద్ ముందు పెట్టింది.

అతను దానివంక చూడనేలేదు.

"సుబ్రహ్మణ్యానికే నేర్పించావంటే నువ్వు సామాన్యురాలివి కాదమ్మా! జూబ్లీహిల్స్‌లో మన ట్రస్టు ఆఫీసువాళ్లకీ, మన స్టూడియో స్టాఫుకీ నువ్వే నేర్పాలి. ఇలాంటి మనిషిని ఎవరైనా వదులుకుంటారా?"

"మాటిచ్చారు కదా సార్!"

"కాదన్నానా? వాళ్లనీ నేర్చుకోనీ."

ప్రసాదంగా పంచిన లడ్డూ సుబ్రహ్మణ్యం గారి చేతిలోనే ఉండిపోయింది. "నేను నేర్చుకోకుండా ఉండాల్సింది తల్లీ" అన్నారు, ఆమెకు మాత్రమే వినబడేలా.

"అప్పుడూ ఉంచేసేవారే బాబాయ్ గారూ."

ఫోను మోగింది. సంతకం ఇవాళేనని చరణ్ చెప్పేసినట్టున్నాడు, పాప గొంతులో ఎక్కడలేని సంబరం. ఎన్నాళ్లకో మళ్లీ అడిగింది.

"ఎప్పుడొస్తావమ్మా?"

సారా ఫోను చెవికి ఆనించుకుని, సంతకం పడని కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. వెనక వరప్రసాద్ సోమవారం బ్యాచ్‌లో ఎవరెవరుండాలో పేర్లు చెబుతున్నాడు, పెద్దవాళ్లవి ముందు.