తగిలించకు ఆ డిస్కు!

“యాంటీవైరస్ ఆపింది నువ్వు! దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది నువ్వు! ఇప్పుడు వైరస్‌ని తిడతావేంటి?”

వదిన గొంతు ముందు ఎంబ్రాయిడరీ మిషన్ల మోత చిన్నబోయింది. మరిది కుర్చీలోంచి లేచాడు. కంప్యూటర్ తెర మీద ఎర్రటి అక్షరాలు: మీ ఫైళ్లకు తాళం వేశాం, డబ్బు కడితే తీస్తాం. ఆ ఫైళ్లంటే వదిన ఏళ్ల తరబడి కళ్లు పొడుచుకుని గీసిన డిజైన్లు. అవి పోతే ఈ వర్క్‌షాపు మూతబడ్డట్టే.

“ఊరికే వస్తోంది కదా అని మొన్న ఎక్కించా వదినా. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతానంది.”

“ఇంట్లోకి వచ్చేవాడు ముందు కుక్కని కట్టేయమంటే, ఎందుకని అడగవా?”

“అడగడే అమ్మాయ్,” మూలన దారప్పోగులు కత్తిరిస్తున్న అత్తగారు అందుకుంది. “చిన్నప్పుడూ అంతే. ఎవరు చేతులు చాపినా చంకెక్కేవాడు.”

“అమ్మా, నువ్వు కూడానా!”

వదిన నెట్ వైరు పీకేసింది. మిషన్లకు డిజైన్లు మోసే పెన్‌డ్రైవ్‌లన్నీ లాగి, వైరస్ వాటికీ అంటుకుని ఉంటుందని డబ్బాలో పడేసింది. ఇంతలో మరిది ముఖం వెలిగింది. బీరువాలోంచి పాత డిస్కు తెచ్చాడు.

“పోయిన నెల కాపీ తీసి పెట్టా! ఉన్నాయో లేవో ఒక్కసారి చూద్దాం.”

డిస్కు వైరు కంప్యూటర్‌కు తగలబోతుంటే వదిన అతని మణికట్టు ఒడిసి పట్టింది.

“తగిలించావో, దీన్నీ మింగేస్తుంది!”

“ఊరికే చూస్తా...”

“నువ్వు ఊరికే చూస్తావు. అది ఊరుకోదు.”

డిస్కు లాక్కుంది. మిగిలిన ఒకే ఒక్క కాపీ అది.

“డబ్బు వాళ్ల మొహాన కొడితే పీడా పోదూ?” అంది అత్తగారు.

“తాళం తీస్తారని పూచీ ఎవరత్తయ్యా? పైగా మెత్తటివాళ్లం దొరికామని మళ్లీ వస్తారు. పైసా ఇవ్వను. ఈ నెల గీసినవి పోతే పోయాయి, మళ్లీ గీస్తా. కంప్యూటర్ మొత్తం తుడిచేసి, అసలు సాఫ్ట్‌వేర్ కొని ఎక్కిస్తేనే ఈ డిస్కు బయటికొస్తుంది.”

మరిది నసిగాడు. “నిన్న మన పెన్‌డ్రైవ్ ఒకటి పక్క వర్క్‌షాపుకి ఇచ్చా. వీధిలో అందరం మార్చుకుంటాం కదా.”

“చెప్పావా వాళ్లకి?”

“పరువు పోతుంది వదినా.”

“వాళ్ల డిజైన్లు పోతే పరువు మిగులుద్దా? పెట్టొద్దని చెప్పు, పెట్టేసుంటే నెట్ వైరు పీకమను. చెప్పులు తర్వాత వేసుకుందువుగాని, పరిగెత్తు!”