బల్ల మూల

“జర ఆ మూల పట్టుకో మనోరమా, పప్పుచారు ఒలుకుతది” అన్నాడు సుధాకర్, కంచంలోంచి తల ఎత్తకుండానే.

పట్టుకుంది. ఎప్పుడు పట్టుకోలేదు గనక! తాండూరులో ఆ ఇంటి భోజనాల బల్లకు ఒక కాలు వదులు. మొగుడు, అత్త, కూతురు అక్షర కూర్చుని తింటుంటే మనోరమ ఆ మూలకు నడుం ఆనించి నిలబడాలి. మధ్యమధ్య వంటింట్లోకి ఉరికి పెనం మీది జొన్నరొట్టె తేవాలి, వచ్చి మళ్లీ ఆనుకోవాలి. అందరూ లేచాక చల్లారిన రొట్టె ఆమెది. “జరసేపు నిలవడితే అరిగిపోతవా?” అని అత్త నవ్వేది కూడా. కాలు బాగైతే తనూ వాళ్లతో కూర్చుని వేడి రొట్టె తినొచ్చు గదా అనుకునేది మనోరమ. పెద్ద కోరికేం కాదు. అడిగినప్పుడల్లా సుధాకర్ పానా తెచ్చి బోల్టును బలంకొద్దీ తిప్పేవాడు. మర్నాటికి మళ్లీ ఊగేది. “నువ్వు తుడిచేటప్పుడు గుంజుతవు, గందుకే” అని నింద ఆమె మీదే.

ఆ రోజు నాపరాళ్ల బేరం మీద అతను వికారాబాద్ పోయాడు. అత్త కునుకు తీసింది. మనోరమ బల్లను బోర్లా వేసింది. బోల్టు తిప్పితే, చెక్కలో కూర్చిన ఇత్తడి నట్టు కూడా దానితోపాటే గిర్రున తిరుగుతోంది. ఓరి దేవుడా! ఇన్నాళ్లూ ఈయన బిగించిందేమీ లేదు, తిప్పి తిప్పి రంధ్రాన్ని ఇంకా పెద్దది చేశాడు. ఒళ్లు మండిపోయింది. నట్టును లాగేసింది. పొడి దులిపి, తలలు తుంచిన అగ్గిపుల్లలు బంకలో ముంచి రంధ్రం లోపల చుట్టూ పేర్చి, నట్టును మెల్లగా తిప్పుతూ దించింది. బంక గట్టిపడేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ రాత్రి అందరూ సణుక్కుంటూ చాప మీదే తిన్నారు.

మర్నాడు కాలు బిగించింది. సుధాకర్ రెండు చేతులతో ఊపి చూశాడు. కదల్లేదు. “నాకు చెప్తే నేనే చేస్తుంటి గద” అన్నాడు.

అత్త సంబరంగా వచ్చి కూర్చుంది. “ఇంక పట్టుకునే పని తప్పింది గద బిడ్డా. వంటింట్లనే ఉండి ఒక్కొక్క రొట్టె వేడివేడిగ పంపు.”

మనోరమ బల్ల చుట్టూ చూసింది. మూడే కుర్చీలు. నాలుగోది పడకగదిలో ఉతికిన బట్టలు మోస్తూ ఎన్నేళ్లయిందో. అది అక్కడికి ఎప్పుడు పోయిందో తనకు కూడా గుర్తు లేదు. కాలు వదులైనందుకు కాదన్నమాట తను నిలబడింది! ఏడుపొచ్చింది, అంతకుమించి కోపమొచ్చింది.

పోయి పొయ్యి ఆర్పేసి, అయిన రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బట్టలు మంచం మీద పడేసి కుర్చీ ఈడ్చుకొచ్చింది.

“మరి మిగతా రొట్టెలు?” అన్నాడు సుధాకర్.

“చేసినకాడికి తెచ్చిన. అందరం గవే తిందాం.”

అక్షర తన కుర్చీ జరిపి చోటిచ్చింది. మనోరమ కూర్చుని, వేడి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. అప్పుడు తెలిసింది, బల్ల కింద తన మోకాలు ఇంకా ఆ కాలును గట్టిగా అదిమి పట్టుకునే ఉందని.

మోకాలు తీసేసింది.