పిల్లమ్మ అంగడి కొలతలు

ఆ ఫోను కిందికి దించు. నీకే చెప్తున్నాను. ఒక ఇడ్లీ తినవు, ఒక కాఫీ తాగవు, ఆ మనిషి పేరైనా అడగవు. ఆమె పొయ్యిని, ఆమె చేతుల్ని, ఆమె గోడకు పట్టిన మసిని మాత్రం బొమ్మ తీసుకుని పోతావు. ఒక్క ఫోటోకి ఏం అరుగుతుంది అంటావు. అరుగుతుంది. ఎంత అరుగుతుందో కాటన్‌పేటలో టేపు పెట్టి కొలిచినవాడు ఒకడున్నాడు. కొలిచాడు, తెలుసుకున్నాడు, తెలిసీ తప్పు రాశాడు. వాడి సంగతి చెప్తాను, కూర్చో. విన్న తర్వాత కూడా నీకు సిగ్గు రాకపోతే ఇక నీకు చెప్పగలిగినవాళ్ళు లేరు.

కాటన్‌పేటలో దూది మండీల వెనక సందులో పిల్లమ్మది తట్టె ఇడ్లీ అంగడి. పళ్ళెమంత ఇడ్లీ, కొబ్బరి చట్నీ, ఇత్తడి గ్లాసులో కాఫీ. ఆమె మొగుడు పోయి పద్దెనిమిదేళ్ళు. అప్పటినుంచీ కోడి కూయకముందే లేచి పొయ్యి ముట్టిస్తుంది. అయిదు కొట్టేసరికి మూటలు మోసే హమాలీలు వస్తారు. మొదటి ఇడ్లీ అమ్ముడుపోతే బోణీ. ఆదివారం మాత్రం మండీలకు సెలవు కాబట్టి హమాలీలు ఆలస్యంగా లేస్తారు. ఆ రోజు బోణీ ఏడు దాటాకే.

బోణీ కాకముందు గడప ముందుకు వచ్చిన మనిషిని పొమ్మనకూడదు. ఆ సందులో తాతల కాలంనుంచీ ఉన్న కట్టుబాటు అది. బిచ్చగాడు రానీ, పిచ్చివాడు రానీ, నవ్వుతూ నిలబడనివ్వాలి. బోణీ అయ్యాక ఎవరినైనా ఏమైనా అనొచ్చు.

ఆ సందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఏ గడప ముందైనా నిలబడి ఫోటో తీసుకుని, ఏమీ తినకుండా కొనకుండా పోతే, ఆ గడప లోపలి గోడలు గోరు మందం దగ్గరికి జరుగుతాయి. జరిగిన గోడ వెనక్కి పోదు. దీనికి అక్కడ ఎవరూ నోరు వెళ్ళబెట్టరు. వాన పడితే పెంకులు కారతాయి, ఫోటో తీస్తే గోడ జరుగుతుంది, అంతే. ఎప్పుడో ఒకడు వచ్చి తీసేవాడు కాబట్టి ఇన్నేళ్ళూ పెద్ద బాధ లేకుండా గడిచింది.

లలిత్ వచ్చాక బాధ మొదలైంది.

లలిత్ బయటివాడు కాడు. ఆ సందు చివరి మిద్దె ఇల్లు అతనిదే. తాత దూది వ్యాపారి. చిన్నప్పుడు బడికి పోతూ పిల్లమ్మ చేతి ఇడ్లీ తిని పోయినవాడే. పెద్ద చదువు చదివి, సుస్థిర పర్యాటకం వల్ల చిన్న వ్యాపారాలు ఎలా ఎదుగుతాయో పరిశోధన చేస్తానని ఒక సంస్థ దగ్గర ఒప్పుకున్నాడు. ప్రతి ఆదివారం ఇరవైమందిని 'పాతపేట నడక' అని తీసుకొస్తాడు. వాళ్ళు అతనికి రుసుము కట్టి వస్తారు. సరిగ్గా ఆరున్నరకు పిల్లమ్మ గడప ముందు నిలబెడతాడు. ఆరున్నరే ఎందుకు? అప్పటికి బోణీ కాదని తెలుసు. ఆమె పొమ్మనడానికి వీల్లేదని తెలుసు. ఆ సందులో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది అది?

వాళ్ళు ఆవిరిని తీస్తారు, చట్నీ రుబ్బే చేతిని తీస్తారు, ఆమె ముఖాన్ని తీస్తారు. తర్వాత లలిత్ వాళ్ళను పెద్ద హోటల్లో ఫలహారానికి తీసుకుపోతాడు. అక్కడ అతనికి కమీషను ఉంది.

"కొంచెం ఓర్చుకో అత్తా. ఈ పరిశోధన అయిపోతే నీ అంగడికి జనం వరస కడతారు" అనేవాడు.

మనవాడు కదా అని పిల్లమ్మ ఓర్చుకుంది. పదడుగుల అంగడి ఎనిమిదైంది. రెండు బల్లలు బయటికి పోయాయి. ఆరైంది. కూర్చుని తినేవాళ్ళు నిలబడి తిన్నారు. నాలుగైంది. లోపల పొయ్యి, పిల్లమ్మ, ఒక పిండి గిన్నె. ఆమె ఇటు తిరగాలంటే ముందు గిన్నె అటు జరగాలి. వానొస్తే నిలబడి తినే చోటు లేక సగంమంది గిరాకీ పక్క వీధికి పోయింది. ఇంకో అడుగు తగ్గితే పొయ్యి కూడా పట్టదు. పొయ్యి లేని రోజు ఆమెకు అన్నం లేదు.

నెలకోసారి లలిత్ టేపు తెచ్చి కొలిచేవాడు. అది పరిశోధనలో భాగం. కొలిచి, కాగితం మీద ఏదో రాసుకుని, ఆమెతో సంతకం పెట్టించుకునేవాడు. ఆమె కన్నడంలో పేరు రాసేది. కాగితమంతా ఇంగ్లీషు.

ఎదురుగా పరుపుల అంగడి వెంకటగిరియప్పది. ఇంగ్లీషు చదవగలడు. ఒకరోజు లలిత్ అచ్చువేయించిన రిపోర్టు అతని చేతికి వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని పిల్లమ్మకు చదివి చెప్పాడు.

"నీ అంగడి పదడుగులంట పిల్లమ్మా. ఏమీ తగ్గలేదంట. వ్యాపారం దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగిందంట. నువ్వు చానా సంతోషంగా ఉండావంట."

"నేనా? ఎవరు చెప్పింది?"

"నువ్వే. కింద నీ సంతకం ఉండాది."

హమాలీ దామోదర్ బయట నిలబడి ఇడ్లీ తింటున్నాడు. "సంతోషం ఎక్కువైందని గోడలొచ్చి కౌగిలించుకుంటాండాయి అక్కా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఆ సాయంత్రం పిల్లమ్మ లలిత్‌ను దారిలో ఆపింది.

"టేపులో నాలుగుండాది. కాగితంలో పదుండాది. ఏందప్పా ఇది?"

"మొదట కొలిచిందే అత్తా రాసేది. దాన్ని మార్చకూడదు. పద్ధతి."

"మరి వ్యాపారం పెరిగిందని ఎట్ల రాస్తివి?"

"నీ గడప ముందుకి వారానికి ఇరవైమంది ఎక్కువ వస్తాండారు కదా. వచ్చినవాళ్ళందరూ గిరాకీ కిందే లెక్క."

"తినినారా వాళ్ళు?"

"అది ఈ పరిశోధనలో అడగలేదత్తా." చేతి గడియారం చూసుకున్నాడు. "వచ్చే ఆదివారం సంస్థ పెద్దలు వస్తాండారు. కొంచెం నవ్వుతా ఉండు. వాళ్ళకి నచ్చితే ఈ నడక ప్రతి రోజూ జరుగుతుంది."

ప్రతి రోజూ! ఆమెకు అన్నం పెట్టే పొయ్యిని ఆమెకు లేకుండా చేస్తూ, ఆమెనే నవ్వమన్నాడు. దొంగతనం చేసేవాడు కనీసం ముఖం చాటేస్తాడు. వీడు ముఖం మీద నిలబడి సంతకం అడిగాడు.

పిల్లమ్మ ఆ మాట దామోదర్‌కు చెప్పింది.

"అక్కా, బోణీ అయితే పొమ్మనొచ్చు కదా?"

"అవును."

"అయితే ఆదివారం అయిదుకే వస్తా. పొయ్యి ముట్టించు."

అన్నట్టే వచ్చాడు. వారమంతా మూటలు మోసిన మనిషి, ఉన్న ఒక్క సెలవునాడు నిద్ర మానుకుని వచ్చాడు. చదువు ఎంతుందని కాదు, మనిషి ఇట్లా ఉండాలి. రెండు ఇడ్లీలు తిని, డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. పిల్లమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది.

ఆరున్నరకు లలిత్ వచ్చాడు. వెనక సంస్థ పెద్దలు, వాళ్ళ వెనక నడకవాళ్ళు. ఫోన్లు పైకి లేచాయి. పిల్లమ్మ గరిటె చేతపట్టి గడప మీదికి వచ్చి నిలబడింది.

"బోణీ అయింది. తినేవాళ్ళు ఉండండి. సుమ్మనే, ఊరికే చూసేవాళ్ళు పోండి."

లలిత్ ముఖం పాలిపోయింది. పెద్దల్లో ఒకామె, తల నెరిసిన మనిషి, ఆమె ఏమంటోందని అడిగింది.

"ఈ రోజు ఆమెకు ఉపవాసం మేడమ్. ఫోటోలు వద్దంటోంది" అన్నాడు లలిత్ ఇంగ్లీషులో.

"అట్ల చెప్పలేదు ఆమె!" దామోదర్ అరిచాడు. వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, చేత్తో నోటికి చూపిస్తూ చెప్పాడు. "ఈట్. ఫస్ట్ ఈట్. దెన్ ఫోటో."

ఆ పెద్దామె నవ్వింది. "అంతేనా? తింటాం, దానికేం" అని ముందుకు అడుగు వేసింది.

ఆ అడుగుతో అంతా సరిపోయేది. లలిత్ కూడా బతికిపోయేవాడు. కానీ పెద్ద హోటల్లో అందరికీ ఫలహారం చెప్పి ఉంచాడు. ఆమె మోచేయి పట్టుకుని గొంతు తగ్గించి అన్నాడు.

"వద్దు మేడమ్. ఇక్కడి శుభ్రం మీకు పడదు."

తన చిన్నప్పటి ఆకలి తీర్చిన చేతుల గురించి అన్న మాట అది. పిల్లమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా అతను ముక్కు ముడవడం, ఆ పెద్దామె వెనక్కి తగ్గడం చూసింది. లోపలికి పోయి గిన్నె మీద మూత పెట్టింది.

పెద్దలకు చూపించడానికి ఇప్పుడు లలిత్ చేతిలో ఏమీ లేదు. సందు చివరికి చేయి చూపాడు.

"రండి. అసలైన పాత వ్యాపారి ఇల్లు చూపిస్తాను. మా తాత కట్టించింది. ఎన్ని ఫోటోలైనా తీసుకోండి."

వెంకటగిరియప్ప పరుపుల మీదినుంచి లేచి వచ్చాడు. "లలితప్పా, వద్దు. నీ ఇల్లు కూడా ఈ సందులోనే ఉండాది."

"రిపోర్టు చదివినారు కదా సామీ. ఏడాది పాటు కొలిచినా. ఎక్కడా ఏమీ తగ్గలేదు."

ఎగతాళికి అనలేదు ఆ మాట. పన్నెండుసార్లు పది అని రాసి రాసి, పదే అని అతనికే కుదిరిపోయింది. అబద్ధాలాడేవాడికి మొదటి శిక్ష ఇదే. ఊరు నమ్మినా నమ్మకపోయినా, చివరికి వాడే నమ్ముతాడు.

పెద్దలు తేకు స్తంభాలను తీశారు, పెరటిని తీశారు, చిలకల తలుపును తీశారు. ఎంతో మెచ్చుకున్నారు. ఆ వారమే ఇంటి పేరు, దారి, 'ప్రవేశం ఉచితం' అన్న మాట నడక దారి చూపే పటంలోకి ఎక్కించి లలిత్ తానే ఊరంతటికీ పంపించాడు. ఆ పటం ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికీ తెలియదు. జనం రోజూ వచ్చారు. పొద్దున వచ్చారు, మధ్యాహ్నం వచ్చారు, పెళ్ళి బట్టలు కట్టుకుని కూడా వచ్చి తీసుకున్నారు.

పిల్లమ్మ అంగడి నాలుగడుగుల దగ్గర ఆగిపోయింది. ఆదివారాలు దామోదర్, అతని తోటివాళ్ళు వంతులు వేసుకుని అయిదుకే బోణీ చేస్తున్నారు. పోయిన ఆరడుగులు తిరిగి రాలేదు. ఆమె పొయ్యి మాత్రం నిలిచింది.

లలిత్ ఇంట్లో గోడలు మాత్రం ఆగలేదు. పిల్లమ్మ అంగడిలో అయితే ఇడ్లీ ఉంది. మనసున్నవాడు తిని పోతాడు, గోడ ఊరుకుంటుంది. ఈ ఇంట్లో కొనడానికి ఏముంది? తినడానికి ఏముంది? వచ్చినవాడు మంచివాడైనా ఏమీ ఇచ్చి పోలేడు. అందుకని ప్రతి ఫోటోకూ గోడ జరిగింది. పటాన్ని తీసేశాడు. వెళ్ళిపోయిన పటం తిరిగి రాలేదు. గడపలో నిలబడి జనాన్ని తిట్టాడు. తిడుతుంటే ఇంకా బాగుందని తీసుకున్నారు. అమ్మబోతే కొనేవాళ్ళు టేపు తెచ్చారు, కొలిచి వెళ్ళిపోయారు.

వంటింట్లో ఇద్దరు పట్టని రోజున భార్య లావణ్య సామాను సర్దుకుంది.

"కొలిచేటప్పుడు నీకు కనపడలేదా?" అని అడిగింది.

"కనపడింది" అన్నాడు.

ఆమె బొమ్మనహళ్ళిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. అతను మిగిలాడు. ఆరడుగుల మనిషి అయిదడుగుల ఇంట్లో కాళ్ళు చాపలేకపోయాడు, తర్వాత నాలుగడుగుల ఇంట్లో నడుము వంచి ముడుచుకుని పడుకున్నాడు. ఈ ఏడు శివరాత్రికి ఆ తలుపులోంచి పిల్లి మాత్రమే దూరగలిగింది, అతను సందులోకి వచ్చేశాడు. ఇప్పుడు తల మీద ఆకాశమే ఉన్నా అతని నడుము నిటారుగా రాదు.